పొత్తుల కంచం

గద్వాల వైపు కొత్త కోడలు ఇంట్లోవాళ్లకు నచ్చిందంటే ఆ సంగతి మొట్టమొదట గరిటె చెబుతుంది. పెళ్లైన వారంలోనే తేజస్వినికి ఇది బాగా తెలిసొచ్చింది. అత్త ఈదమ్మ మితంగా మాట్లాడే మనిషి. ఆమె గరిటె మాత్రం ఊరికే ఉండదు. కంచంలో కాస్త ఖాళీ కనబడితే చాలు, వచ్చి పలకరించిపోతుంది.

వేరే పిల్లయితే మురిసిపోయేదే. తేజస్విని కూడా మురిసిపోయింది, కాకపోతే లోలోపల భయపడుతూ. ఆమె కుస్తీ పడుతుంది. ఖిల్లా ఘణపూర్ పిల్ల. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు కోచ్ జయరాజు సార్ దగ్గర మొదలుపెట్టి, యాభై ఏడు కిలోల విభాగంలో పేరు తెచ్చుకుంది. పోయిన రెండేళ్లూ రాష్ట్ర జట్టు ఎంపిక దాకా వెళ్లి ఫైనల్లో ఓడింది. ఈసారి ఎంపిక పోటీలు నాగర్‌కర్నూల్‌లో, పెళ్లైన నెల తిరక్కుండానే. ఆ పొద్దున కాంటా మీద యాభై ఏడుకు పిసరు ఎక్కువ చూపించినా మ్యాట్ ఎక్కనివ్వరు.

పెళ్లిచూపుల్లోనే ఈ సంగతి చెప్పేసింది. పత్తి విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేసే భాస్కర్ కొంచెంసేపు ఆలోచించి, "లగ్గమన్నా ఆపుకుందాం గని పోటీ ఆపొద్దు," అన్నాడు. తేజస్విని ఆ మాటకే ఒప్పుకుంది. అతని మీసం కూడా బాగుందనుకోండి, అది వేరే సంగతి.

ఆమె కుస్తీ పడుతుందని అత్తవారింట్లో అందరికీ తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది. మామ బాలన్న చిన్నప్పుడు జాతరల్లో పహిల్వాన్లను చూశాడు. చెంబుల కొద్దీ పాలు, గుప్పిళ్ల కొద్దీ బాదం, పూటకో కోడి. కుస్తీ అంటే ఆ ఇంట్లో తిండి. బరువు తూచి మరీ పట్టే కుస్తీ ఒకటుంటుందని వాళ్ల ఊహకు కూడా రాలేదు.

పెళ్లయ్యాక మొదటి పిలుపు భాస్కర్ మేనమామ బసవయ్య ఇంటి నుంచి వచ్చింది. బసవయ్య భార్య మాలతి ఒక పెద్ద ఇత్తడి కంచం తెచ్చి కొత్త జంట మధ్యన పెట్టింది.

"కంచం ఒక్కటే తెచ్చినవేందత్తా?" అన్నాడు భాస్కర్, తెలిసీ తెలియనట్టు.

"పొత్తుల కంచంరా. కొత్త జంట మనోళ్ల ఇండ్లల్ల ఎవలింటికి పోయినా ఒక్కదాంట్లనే తినాలె. అడుగు కనిపియ్యాలె. మెతుకు మిగిలితే మొగుడుపెండ్లాల నడుమ కొట్లాట మిగుల్తదంట."

"మరి మీకు మిగిలిందా?"

"మీ మామ ఆ దినం ఒక్క ముద్ద ఇడిసిపెట్టిండు. ఇప్పటిదాంక తీరలే," అన్నది మాలతి. బసవయ్య వినబడనట్టు విసనకర్ర వెతుక్కున్నాడు.

బగారన్నం, పొట్టేలు కూర, సజ్జరొట్టెలు, బచ్చాలు వచ్చిపడ్డాయి. పూర్ణం పెట్టి కాల్చిన ఆ బచ్చాల మీద నెయ్యి మెల్లగా పాకుతోంది. ఏం తినాలో తేజస్వినికి తెలియక కాదు. గుడ్లు, జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ అని జయరాజు సార్ రాసిచ్చిన కాగితం ఆమెకు నోటికి వచ్చు. ఆ కాగితంలో లేనిదొక్కటే, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని నోటి వంకే చూసే మనిషి.

రెండు ముద్దలు తిని, "ఇగ నాతోని కాదు," అని గొణిగింది.

"చెయ్యి ఆపకు," అన్నాడు భాస్కర్ పెదవులు కదపకుండా. "కలుపుకుంట కూసో. ముద్దలు జేసి నా దిక్కు నూకు."

ఒక కంచంలో రెండు చేతులు తిరుగుతుంటే ఏ ముద్ద ఎవరి నోట్లోకి పోతోందో ఎవరు చూస్తారు? తేజస్విని ఓపిగ్గా కలిపింది, ముద్దలు చేసింది, వేళ్ల చివరతో అవతలి ఒడ్డుకు సాగనంపింది. భాస్కర్ అందుకున్నాడు. కంచం అడుగున చెక్కిన నెమలి బయటపడ్డాక మాలతి చప్పట్లు చరిచింది. "పహిల్వాన్ పిల్ల అంటే గిట్లుండాలె," అని, వచ్చేవారం పిలవబోయేవాళ్లకు అప్పుడే ఫోన్ చేసి చెప్పింది.

తిరుగు దారిలో బండి మీద భాస్కర్ బెల్టు వదులు చేసుకున్నాడు. తేజస్విని అతని వీపుకు ఆనుకుని కడుపుబ్బా నవ్వింది. రోడ్డు పక్క జొన్నచేలు, చల్లగాలి, ముందు కూర్చున్న మనిషి త్రేన్పులు. లోకంలో ఇంతకన్నా మంచి ప్రయాణం ఉండదనిపించింది ఆమెకు.

అలా ఇల్లు తర్వాత ఇల్లు. ఒక ఇంట్లో వండినదానికన్నా తర్వాతి ఇంట్లో ఎక్కువ వండారు, ఎందుకంటే కొత్త కోడలి తిండి కీర్తి వాళ్లకంటే ముందే అక్కడికి చేరేది. గద్వాల జిమ్‌లో కాంటా ఎక్కినప్పుడల్లా ఆమె బరువు ఉన్నచోటే ఉంది. భాస్కర్ అంగీ గుండీల మధ్య మాత్రం కిటికీలు తెరుచుకున్నాయి.

"నీ బరువు యాడికి పోలే తేజూ. ఇంట్లనే ఉంది, భద్రంగ," అన్నాడు పొట్ట నిమురుకుంటూ.

"అత్తమ్మకు చెప్పేద్దామా?"

"అమ్మకు చెప్పొచ్చు. మిగతా ఇండ్లోళ్లకు ఎవలు చెప్తరు? కోడలు మా చేతి కూడు ముట్టలేదని ముసలోళ్లయ్యేదాంక యాది పెట్టుకుంటరు. ఇంకొక్కటే ఇల్లున్నది. నేను తింటగ."

ఆ ఒక్క ఇల్లు అలంపూర్‌లో ఉంది. బాలన్న అక్క జోగులమ్మది. ఎప్పుడో తుంగభద్ర వరద వచ్చిపోయాక మెట్లు పెంచి ఎత్తుగా కట్టుకున్న ఇల్లు, పెద్ద వంటగది. ఆదివారం పోటీ అనగా శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. అత్తామామలు, కొత్త జంట అందరూ వెళ్లారు. ఆ పొద్దున కాంటా మీద తేజస్విని యాభై ఏడుకు ఒక్క పిసరు మీదుంది. రెండు రోజులు జాగ్రత్తగా ఉంటే దిగిపోయే పిసరే. ఒక్క విందు భోజనం చేస్తే మాత్రం దిగేది కాదు.

జోగులమ్మ కంచం నింపింది. నింపింది అనడం కన్నా కట్టింది అనాలి. అన్నం గోడ, దాని చుట్టూ కూర, పైన బచ్చాలు. పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"నీకోసమే పొట్టేలు కోపిచ్చిన బిడ్డా. 'తక్కువ జెయ్యకు వదినె, పిల్ల కొంచెంగ తినదు' అని మాలతి మరీ చెప్పింది."

తేజస్విని కలపడం మొదలుపెట్టింది. ఒక ముద్ద అవతలికి నెట్టింది. రెండోది నెట్టింది. రెండూ అక్కడే ఆగిపోయాయి. తలెత్తి చూస్తే భాస్కర్ నుదుటి మీద చెమట.

"తేజూ," అన్నాడు చిన్నగా, "నిన్న మాపటి నుంచి కడుపుల గడబిడ. నువ్వు రంధి పడ్తవని చెప్పలే. ఒక్క ముద్ద గూడ పోతలేదు."

రెండు చేతులూ ఆగిపోయాయి. కంచంలో కొండ కొండలాగే ఉంది.

"ఏందే, ఆగిన్రు?" అన్నది జోగులమ్మ. "ఉప్పు ఎక్కువైందా?"

తేజస్విని ఆ కొండ వంక చూసింది. నిజం చెప్పాలంటే ఆమెకు ఆకలిగానే ఉంది. కూర వాసన ముక్కును కాదు, ప్రాణాన్నే లాగుతోంది. తినేస్తే పెద్దావిడ ముఖం వెలిగిపోతుంది, ఎవరికీ ఏ కష్టం ఉండదు, ఆదివారం ఇంట్లో పడుకోవచ్చు. మళ్లీ ఏడాది ఆగాలి. చేతిని కంచంలోంచి తీసేసింది.

"పెద్దమ్మా, గిన్ని దినాలు తిన్నది నేను కాదు."

అందరి చూపులూ ఒక్కొక్కటిగా భాస్కర్ పొట్ట మీదికి పోయాయి.

"గందుకేనా," అన్నది ఈదమ్మ, "లగ్గం అంగీలు ఒక్కటి పడ్తలేవు వీనికి."

జోగులమ్మ నవ్వలేదు. చేతిలోని గరిటెను మెల్లగా గిన్నెలో పెట్టింది. "అంటే మా వంట నీ నోటికి..."

"మీ వంట బాగలేకుంటే నాకు గింత పరేషాన్ ఎందుకు పెద్దమ్మా? ఆ బచ్చాల వాసనకే నాకు సగం ప్రాణం పోతుంది." తేజస్వినికి ఏడుపొచ్చింది. కాంటా సంగతి, యాభై ఏడు సంగతి, రెండేళ్లుగా చేతికందకుండా పోతున్న జట్టు సంగతి మొత్తం చెప్పింది. చెబుతుంటే తనకే వింతగా అనిపించింది. తిండి కోసం ఏడ్చేవాళ్లుంటారు గానీ, తినను అని చెప్పడానికి ఏడ్చేవాళ్లుంటారా?

అంతవరకూ గోడకానుకుని వింటున్న బాలన్న ముందుకు జరిగాడు.

"గింజంత ఎక్కువున్నా తీసుకోరా?"

"తీసుకోరు మామా."

"ఎంత బలమున్నా?"

"ఎంతున్నా."

"నాలుగు పండ్ల పందెం లెక్కనే," అన్నాడు బాలన్న అక్క వైపు తిరిగి. ఆయనకు బండ గుంజే పందెపు ఎడ్ల జత ఉంది. ఆ పోటీల్లో ఎడ్లకు నోట్లో వచ్చిన పండ్లను బట్టి విభాగాలు. "నా జతకు ఐదో పండు జర మొలక చూపిస్తే నాలుగు పండ్లల్ల గుంజనిస్తరా అక్కా? తోలుకపొమ్మంటరు. ఇంక పందెం దగ్గరికొస్తే నేనేం జేస్త? ఊరోళ్లు ప్రేమతోని రొట్టెలు తెస్తరు, బెల్లం తెస్తరు. కొట్టం తలుపుకాడనే ఆపుత. నేను పెట్టిందే తినాలె. ఒకరి చెయ్యి ముట్టనియ్య."

"సాలు తియ్," అన్నది ఈదమ్మ. "కొత్త కోడలిని తీస్కపోయి ఎడ్లల్ల కట్టేసినవ్."

"కట్టేయనియ్ అత్తమ్మా," అన్నది తేజస్విని కళ్లు తుడుచుకుంటూ. "మామకే మంచిగ సమజైంది."

జోగులమ్మ తమ్ముడి మాటలు నమలుతున్నట్టు కొంచెంసేపు దవడ కదిలించింది. "తమ్మీ, నీ ఎడ్లకు నేను పోయినేడు బెల్లం పెట్టబోతే నా మీదనే కర్ర లేపినవ్ యాదున్నదా? మూడు నెలలు మాట్లాడలే నీతోని."

"ఎడ్లు గెలిచినంక మాట్లాడితివి గద."

"ఆఁ, గెల్చినయ్ గనక." ఆవిడ తేజస్విని గడ్డం పట్టి ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. "నోరున్నది గద బిడ్డా. ఎడ్లకు లేదు. నీకున్నది. ముందుగాల చెప్తే నాకు ఒక పొట్టేలు మిగిలేది."

అయితే కంచం అలాగే ఉంది. మెతుకు మిగలకూడదు. జోగులమ్మ దాని చుట్టూ ఒకసారి చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద కూర్చుంది. "పొత్తు అంటే పొత్తే. రారా తమ్మీ. ఈదమ్మా, నువ్వు ఆ దిక్కు కూసో." ముగ్గురూ ఆ కొండను మూడు వైపుల నుంచి తవ్వారు. భాస్కర్‌కు వాము వేసి కాచిన నీళ్లు వచ్చాయి. తేజస్విని ముందుకు జోగులమ్మ స్వయంగా ఒక జొన్నరొట్టె, పలుచటి మజ్జిగ తెచ్చి పెట్టి, "గిది తింటే ఏం గాదు గద?" అని అడిగింది. తింటున్నంతసేపూ మళ్లీ రొట్టె వేయకుండా ఉండడానికి తన చేతిని తానే పట్టుకుని కూర్చుంది పాపం.

ఆదివారం పొద్దున నాగర్‌కర్నూల్‌కు అందరూ వచ్చారు. కాంటా గదిలోకి పోటీకి వచ్చిన ఆడపిల్లలను తప్ప ఎవరినీ రానివ్వలేదు. తేజస్విని ఎక్కి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అంకె యాభై ఏడుకు కాస్త కిందే ఆగి ఉంది. బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడిన భాస్కర్ చెయ్యి గట్టిగా నొక్కింది. అతను ఏమీ అడగకుండానే గోడకు చేరగిలబడి ఊపిరి వదిలాడు.

జయరాజు సార్ ఇచ్చిన అరటిపండు, గ్లూకోజు నీళ్లతో మొదటి రెండు కుస్తీలు గడిచాయి. ఫైనల్లో నల్లగొండ పిల్ల గట్టిది. చివరి నిమిషం దాకా ఇద్దరివీ సమానమే. ఆ పిల్ల కాళ్ల కోసం వంగినప్పుడు తేజస్విని పక్కకు జరిగి వెనక నుంచి నడుము పట్టేసింది. రెండు పాయింట్లు. రిఫరీ చెయ్యి పైకెత్తాక కూడా, ఆమెకు నమ్మకం కుదరక స్కోరు బోర్డును ఇంకోసారి చదువుకుంది.

గ్యాలరీ మెట్ల దగ్గర జోగులమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చింది. "ఇగ తినొచ్చా?"

"తినొచ్చు పెద్దమ్మా. ఇయ్యాల ఏమన్నా తినొచ్చు."

జోగులమ్మ ఈదమ్మ వంక చూసింది. ఈదమ్మ జోగులమ్మ వంక చూసింది. వాసన తగిలితే పిల్ల మనసు చెదురుతుందని ఆ ఇద్దరూ ఒట్టేసుకుని ఇంట్లోంచి ఒక్క డబ్బా కూడా తేలేదు. ఊరందరికీ వడ్డించే మనుషులు, చేతిలో అటుకుల పొట్లం కూడా లేకుండా నిలబడ్డారు.

చివరికి బస్టాండు పక్కన టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నారు. మెడలో పతకంతో తేజస్విని దోశ మీద దోశ తింటోంది. అదేం మామూలు దోశ, అక్కడక్కడ మాడింది కూడా. ఆమెకు మాత్రం అందులో ప్రతి ముక్కా అపురూపంగా ఉంది. భాస్కర్ ఇడ్లీని పాలల్లో ముంచిన బిస్కెట్‌లా మెల్లగా తింటూ ఆమెనే చూస్తున్నాడు.

జోగులమ్మ సాంబారు గిన్నెలో చెంచా తిప్పి, "పప్పు ఏడున్నదిరా ఇందుల?" అన్నది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపు ఓర్చుకుంది. తర్వాత లేచి కొంగు నడుముకు దోపుకుని, నేరుగా పెనం దగ్గరికి వెళ్లింది.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు దోశలు పోసే మనిషి.

"ఆ పతకం పిల్ల మాదే," అన్నది జోగులమ్మ. "ఇంకో రెండు పొయ్యి. ఎర్రగ కాలాలె. నూనెకు ఎనకాడకు."