అడుగుల గడియారం

గణపతిరావు ఎడమ కాలు మొరాయించడం మొదలుపెట్టింది తొంభై అయిదులో, దీపావళి వెళ్ళిన వారానికి. అంతకు ముందు ఆ కాళ్ళకి కూర్చోవడం అంటే తెలీదు. ఉక్కు ప్లాంటు లోపల తిరిగే గూడ్సు పెట్టెల్ని ఇంజనుకి తగిలించడం, విడదీయడం ఆయన పని. ఆముదాలవలస దగ్గరి పల్లె నుంచి పెళ్ళికి ముందే భిలాయి వచ్చేసి, షిఫ్టు షిఫ్టంతా పట్టాల పక్కన కంకర మీద తిరిగి తిరిగి యాభై దాటినవాడు. అలాంటి మనిషి ఆ సాయంత్రం సెక్టర్ నాలుగు బజారు నుంచి కూరల సంచీతో వస్తూ వస్తూ ఆగిపోయాడు. కన్నమ్మ తన ధోరణిలో మాట్లాడుకుంటూ చాలా దూరం వెళ్ళాక గానీ పక్కన మొగుడు లేడని చూసుకోలేదు. వెనక్కి తిరిగితే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏటయింది బావా?"

"పిక్క పట్టీసిందే. లోపల ఎవుడో తడిగుడ్డ పిండినట్టు పిండేత్తన్నాడు."

కాసేపు నిలబడితే తగ్గింది. కొంత దూరం నడిస్తే మళ్ళీ అదే. క్వార్టరు చేరేసరికి నాలుగుసార్లు ఆగారు. వేడినీళ్ళ కాపడం పెట్టింది, నువ్వులనూనె రాసింది. వారం తిరిగేసరికి ఇంటి గేటు నుంచి వీధి మొగ దాకా కూడా ఒక్క ఊపున వెళ్ళలేకపోయాడు. అప్పుడు బయల్దేరారు ఆసుపత్రికి.

డాక్టరు గురునాథరావు తెలుగువాడే. గణపతిరావు పాదం మీద వేళ్ళు ఆనించి నాడి కోసం చాలాసేపు వెతికాడు. కుడి పాదం మీదా వెతికాడు. తరవాత అడిగాడు, రోజుకి ఎన్ని బీడీలని.

"రెండు కట్టలు బాబూ," అంది కన్నమ్మ, మొగుడు నోరు తెరిచేలోపు.

"ఇవాళ్టితో ఆఖరు. కాళ్ళకి పోయే రక్తనాళాలు పూడుకుపోతున్నాయమ్మా. మందులు రాస్తాను గానీ అసలు మందు నడక. నొప్పి వచ్చేదాకా నడవాలి. వచ్చిందా, ఆగిపోవాలి. తగ్గాక మళ్ళీ నడవాలి. అలా నడిచే కొద్దీ రక్తం పక్క దారులు చేసుకుంటుంది. మొత్తం మీద నడక పెరుగుతూ రావాలి."

"పెరక్కపోతే?" అడిగింది కన్నమ్మ.

డాక్టరు గణపతిరావు మోకాలికి కాస్త దిగువన తన అరచేతిని అడ్డంగా ఆనించి తీసేశాడు. ఆ తరవాత ఆయన ఇంకా చెప్పాడు. కుడి కాలిదీ ఇదే జబ్బన్నాడు, రోజూ పాదం చూసుకోమన్నాడు, చెప్పు కరవకుండా జాగ్రత్త పడమన్నాడు, ఈ కాళ్ళకి చిన్న పుండు పడినా మానదన్నాడు. కన్నమ్మ తలూపుతూనే ఉంది. ఆవిడ కళ్ళు మాత్రం ఆ అరచెయ్యి ఆనిన చోటే ఉండిపోయాయి.

ఎదురు క్వార్టర్లో కొడుకు దగ్గర ఉంటున్న పోలయ్య ఈ సంగతి విని ఆ సాయంత్రమే వచ్చాడు. రిటైర్ కాకముందు ఆయన రష్యా ఇంజనీర్ల కారు నడిపేవాడు. జేబులోంచి గుండ్రటి గడియారం లాంటిది తీసి కన్నమ్మ చేతిలో పెట్టాడు. వెనక కొక్కెం, ముందు రెండు ముళ్ళు, చుట్టూ అర్థం కాని రాతలు.

"టైం సూడ్డానికి కాదు సెల్లెమ్మా. దీన్ని నడుంకి తగిలించుకుని నడిత్తే అడుగులు లెక్కెడతాది. సిన్న ముల్లు వేలు, పెద్ద ముల్లు వందలు. మా రష్యా దొర వాళ్ళ దేశం ఎలిపోతా నాకిచ్చీసినాడు. పెట్టెలో పడి మూలుగుతంది. అదేదో మా గణపతికి పనికొత్తే సాలు."

మర్నాటి నుంచి తెల్లవారాక మొగుడూ పెళ్ళాం నడకకి బయల్దేరారు. బడి గోడ వెంట వెళ్ళి, రోడ్డు చివర తిరిగి రావడం. మొదటి రోజు ఎంత ఆగి ఎంత నడిచినా ముల్లు ఆరువందల దగ్గరే ఉండిపోయింది. ఒకప్పుడు ఒక్క రైలు చుట్టూ తిరిగితే అంతకన్నా ఎక్కువ నడిచేవాడు. నైట్ షిఫ్టు దిగి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు పలకరిస్తే, నొప్పితో ఆగినవాడు కాస్తా గోడ మీది సినిమా పోస్టరు చూస్తున్నట్టు నటించేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక పెదవి కొరుక్కుని కళ్ళు మూసుకునేవాడు.

బీడీలు మానేశాడు. అది చాలా కష్టంగానే గడిచింది. కంచాలు విసిరాడు, కూతురి మీద అరిచాడు. కానీ మానేశాడు. కన్నమ్మ ఆ సంగతి తల్చుకుని ధైర్యం తెచ్చుకునేది. ఇంత చేసిన మనిషికి దేవుడు అన్యాయం చెయ్యడనుకునేది.

ముల్లు మెల్లగా కదిలింది. ఆరువందలు వెయ్యయింది, వెయ్యి పదిహేను వందలయింది. అలా కదలడం మొదలెట్టాక కన్నమ్మకి ఇంకో లోకం లేకుండా పోయింది. బియ్యం ఏరుతున్నా అదే ధ్యాస, పూజలో కూర్చున్నా అదే ధ్యాస. ఇంటికి రాగానే ఆయన నడుం నుంచి గడియారం తీసి వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసేది. నిన్నటి కంటే ఎక్కువుంటే ఆ పూట ఆవిడకి అన్నం సహించేది. తక్కువుంటే మోకాలి కింద అరచెయ్యి కళ్ళముందు ఆడేది. అలాంటి రోజుల్లో సాయంత్రం మళ్ళీ బయల్దేరదీసేది.

"నొప్పొచ్చీసింది కన్నమ్మా. ఆగు."

"ఇంకొంచెం బావా. ఆ వేపచెట్టు కాడికెల్లి ఆగుదాం."

వేపచెట్టు వచ్చాక రిక్షా స్టాండు. స్టాండు వచ్చాక మలుపు. ఆయన మొహం బూడిద రంగుకి తిరిగేది. అయినా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది. ఆయన పిక్క కన్నా ఆవిడ గుండే ఎక్కువ పట్టేసేది అప్పుడు. ఆగితే కాలు పోతుందని, ఒక్క అడుగు తగ్గినా పోతుందని ఆవిడకి లోపల ఎవరో చెప్తున్నట్టుండేది.

కూతురు అరుణజ్యోతి పక్క ఊరు దుర్గ్‌లో డిగ్రీ చదువుతోంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే. కోపం వస్తే తెలుగు సగంలోనే వదిలేసి హిందీలోకి దిగుతుంది.

"అమ్మా, నొప్పొస్తే ఆగమన్నాడు కదా డాక్టరు. తుమ్ సున్‌తీ క్యోఁ నహీఁ? మాట ఎందుకు వినవు? నాన్నని చూడు ఎలా అయిపోయాడో!"

"నువ్వూరుకోయే. రేపు కాలు తీసీత్తే నువ్వు తెచ్చి అతికిత్తావేటి?"

అరుణజ్యోతి తండ్రి వైపు చూసింది. వాళ్ళమ్మ ఏం చెప్తే అది చేస్తానన్నట్టు ఆయన గడియారం తీసి నడుముకి తగిలించుకున్నాడు.

చలి ముదిరాక, హవాయి చెప్పులతో నడిస్తే పాదాలు మొద్దుబారుతున్నాయన్నాడు. కన్నమ్మ బజారుకి వెళ్ళి గోధుమరంగు కాన్వాసు బూట్లు, మేజోళ్ళు తెచ్చింది. ఆ బూట్లు వేసుకున్నాక నడక ఇంకా పెరిగింది. ముల్లు మూడువేలు దాటిన రోజు కన్నమ్మ పోలయ్య ఇంటికి పరిగెత్తి చెప్పి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగి పోయినా ఆ రోజు కూతుర్ని ఏమీ అనలేదు.

మేజోళ్ళు ఉతుకుతున్నప్పుడు ఒకసారి వేళ్ళ దగ్గర గోధుమరంగు మరక కనబడింది. బూటు రంగు దిగిందనుకుంది. రెండోసారి సబ్బు ఎక్కువ పెట్టింది. పాదం చూడమన్న డాక్టరు మాట మొదటి రెండు వారాలూ గుర్తుంది. ముల్లు కదలడం మొదలయ్యాక పాదాన్ని చూసే పని ముల్లే చేస్తోందనిపించి మానేసింది. ఆయన కూడా ఈ మధ్య స్నానాలగది నుంచి మేజోళ్ళతోనే బయటికి వస్తున్నాడు. చలి అనుకుంది.

జనవరి చివర్లో ఒక పొద్దున గణపతిరావు లేవలేదు. రగ్గు కింద ఒళ్ళు కాలిపోతోంది. కన్నమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, అప్పుడు గమనించింది వాసన. గదిలో ఎలక చచ్చిందేమోనని మంచం కింద వంగి చూసింది. ఏమీ లేదు. లేచి రగ్గు తొలగించింది. వద్దు వద్దంటూ ఆయన కాలు లాక్కోబోయాడు గానీ ఒంట్లో సత్తువ లేదు. మేజోడు ఎడమ పాదానికి అంటుకుపోయి ఉంది. నీళ్ళు పోసి తడిపి, కొంచెం కొంచెంగా ఊడదీసింది. చిటికెన వేలు నల్లగా మాడిపోయి ఉంది. దాని పక్క వేలూ అంతే. పాదం మీద ఎర్రదనం చీలమండ దాటి పైకి పాకుతోంది.

కన్నమ్మ ఆ మేజోడు చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది బావా?"

"బూటు కరిసింది. బొబ్బలెక్క లేచింది. తగ్గిపోద్దనుకున్నాను."

"నాతో ఎందుకు సెప్పలేదు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "సెప్తే డాక్టరు నడక ఆపీమంటాడు. ఆపితే ముల్లు ఎనక్కెలిపోద్ది. నువ్వు దాని కేసి సూసీ సూపు సూసి... సెప్పలేపోయాను."

అరుణజ్యోతి ఆటో తీసుకొచ్చింది. ఆసుపత్రి మెట్ల దగ్గర కన్నమ్మ ఆయన్ని ఎత్తి దింపబోయింది, బరువు ఆనలేక వదిలేసింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చారు.

డాక్టరు గురునాథరావు పాదం చూశాడు. ఇలా ఎందుకు చేశారని అడగలేదు. అడిగి ఉంటే కన్నమ్మకి అక్కడే ప్రాణం పోయేది, లేదా కొంచెం తేలికపడేది. విషం పైకి పాకుతోందని, వేళ్ళు తీస్తే చాలదని, ఆలస్యం చేస్తే మనిషే దక్కడని చెప్పి సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. అక్షరాలు వంకరపోయి తన పేరు తనే గుర్తు పట్టలేనట్టు వచ్చింది.

మోకాలికి దిగువన తీసేశారు. డాక్టరు మొదటి రోజు అరచెయ్యి ఆనించిన చోటే.

పోలయ్య చూడ్డానికి వచ్చాడు. బల్ల మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అరుణజ్యోతి ఆ గడియారం ఆయన చేతికిచ్చేసింది. ఆయన దాన్ని చూడకుండా జేబులో వేసుకుని, "ఇయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు.

గాయం మానే దశకి వచ్చాక డాక్టరు కన్నమ్మని పక్కకి పిలిచాడు.

"అమ్మా, కుడి కాలిదీ అదే జబ్బు. మొదటి రోజే చెప్పాను. ఇప్పుడు బరువంతా దాని మీదే. చంకకర్రలతో ఆయన లేచి తిరగాలి. మంచంలో పడుకుంటే అదీ నిలవదు."

"మళ్ళీ నడవమంటారా బాబూ?"

"నడవాలి. ఈసారి నెమ్మదిగా. నొప్పి అంటే నొప్పే, ఆగాలి. పాదం రోజూ చూడాలి."

ఈసారి ఆవిడ ప్రతి మాటా వింది.

నర్సు తెచ్చిన చంకకర్రలు మంచం పక్కన గోడకి ఆనించే ఉన్నాయి. గణపతిరావు వాటి వైపు చూడడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. బతిమాలింది. తిట్టింది. కూతురి మీద ఒట్టు పెట్టింది. నాలుగు రోజులు గడిచాయి.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెచ్చి, విప్పకుండానే కింద పెట్టేసి మంచం పట్టె మీద తల ఆనించింది కన్నమ్మ.

"నానే తీసీనాను నీ కాలు. డాక్టరు తీసింది కాదు. ఆగుతానంటే ఆగనిచ్చాను కాదు. తిట్టు బావా. కొట్టయినా కొట్టు. అలా గోడ సూత్తా పడుకోకు."

గణపతిరావు ఇటు తిరిగాడు. "ముప్పయ్యేళ్ళు బీడీలు కాల్సింది నువ్వేటి? పుండు దాసింది నువ్వేటి?"

"మరెందుకు లేవవు?"

"బయ్యం." ఆయన దుప్పటిని తెగిన కాలి మీదికి లాక్కున్నాడు. "నొప్పికి కాదే. మూడువేలు వొచ్చిందని నువ్వు ఎగిరిన్నాడు నానూ నమ్మీసినాను. మళ్ళీ డ్యూటీకి ఎల్తాననుకున్నాను. ఇంకోపాలి అలా నమ్మలేను కన్నమ్మా. ఓపిక నేదు."

నమ్మమని చెప్పే ధైర్యం ఆవిడకీ లేదు. కొంగు నడుముకి దోపుకుని లేచింది.

"నమ్మొద్దులే. డ్యూటీ వొద్దు, ఏటీ వొద్దు. ఇక్కడ ఉక్కగా ఉన్నాది. ఆ కిటికీ కాడ గాలొత్తాది, రా."

ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తెలీదు. ఒక చంక కింద కర్ర, ఇంకో చంక కింద కన్నమ్మ భుజం. కుడి పాదం నేల మీద ఆనగానే ఒళ్ళంతా చెమట పట్టింది. ఒక మంచం దాటారు. రెండో మంచం దాటారు. మూడో మంచం దగ్గర ఆయన ఆగిపోయాడు. కుడి పిక్క మీదికి చెయ్యి పోయింది.

కిటికీ ఇంకా సగం దూరంలో ఉంది. కన్నమ్మ దాని వైపు చూడకుండా ఉండడానికి తల వంచుకుంది. నోటి దాకా వచ్చిన 'ఇంకొంచెం' అన్న మాటని మింగింది. ఆయన బరువుకి భుజం పడిపోతున్నా కదలకుండా నిలబడింది.

ఆ మంచం మీద నందినిలోని సున్నపురాయి గనుల నుంచి వచ్చిన ముసలాయన ఒకడున్నాడు. కాళ్ళు ముడుచుకుని చోటు చేసి, "బైఠ్ న భైయా," అన్నాడు. గణపతిరావు కూర్చున్నాడు. కన్నమ్మ నేల మీదే చతికిలపడి, ఇన్ని రోజులూ రాని ఏడుపు ఏడ్చింది. పక్క మంచాల వాళ్ళు చూస్తున్నారని కూడా లేదు. గణపతిరావు వంగి ఆవిడ నెత్తి మీద చెయ్యి వేశాడు. తీసెయ్యలేదు.

కొంతసేపటికి, "లెగే. ఎల్దాం," అన్నాడు.

"ఎటు?"

"మంచం కాడికి. ఇయ్యాలకి సాలు."

కన్నమ్మ లేచి భుజం అందించింది. ఇద్దరూ నెమ్మదిగా వెనక్కి మళ్ళారు.