మెడలో బిళ్లలు

పాప మెడలో బిళ్ల కట్టిందని మొదట కనిపెట్టింది తల్లే. ఆ ఇంట్లో ఆమెని భయాలమ్మ అంటారు. పిల్ల తుమ్మితే చాలు హడలిపోతుందని మొగుడు పెట్టిన పేరది. అత్తగారు దాన్నే ఖాయం చేసింది. ఆమె పోరు పడలేక మొగుడు ఇద్దర్నీ స్కానింగుకి తీసుకెళ్లాడు.

స్కానింగు డాక్టరు చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. పాప మెడకి చల్లటి జెల్లు రాసి తెర చూపించాడు. "ఇదిగో, చిక్కుడుగింజలా కోలగా ఉంది. మధ్యలో తెల్లగీత ఉంది, అది ఉంటే భయం లేదు. జలుబు చేస్తే పిల్లలకి ఇలా ఉబ్బుతాయి. అదే తగ్గిపోతుంది."

"మళ్లీ ఎప్పుడు తీసుకురమ్మంటారండీ?"

"ఎందుకూ? స్కానింగు చెయ్యాల్సింది పాప మెడకి కాదమ్మా, నీ బుర్రకి."

మొగుడు పగలబడి నవ్వాడు. తలుపు తీసే ఉంది. బయట బల్లమీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఆరోజు తెరమీద కనిపించినంతవరకూ డాక్టరు చెప్పింది నిజమే. కానీ బిళ్ల తగ్గలేదు. కొన్నాళ్లకి దాని కింద ఇంకోటి లేచింది. స్నానం చేయిస్తుంటే గట్టిగా చేతికి తగిలేది. ఒకరోజు ధైర్యం చేసి, "ఏమండీ, పాప మెడ..." అంది.

"ఏం, బుర్ర స్కానింగుకి వేళయిందా?" అన్నాడు మొగుడు. అత్తగారు నవ్వింది. వాళ్లని చూసి పాపా నవ్వింది. ఆ తర్వాత ఆమె నోరెత్తలేదు.

చివరికి పాపకి రోజూ సాయంత్రం జ్వరం రావడం మొదలైంది. బడిలో టీచరు మెడ చూసి తండ్రికి ఫోన్ చేసింది. భార్య మాటకి కదలనివాడు టీచరు మాటకి ఉన్నపళంగా సెలవు పెట్టాడు.

అదే గది, అదే డాక్టరు. ఈసారి హాస్యాలు లేవు. తల్లి తెరమీద తెల్లగీత కోసం వెతుక్కుంది. ఎక్కడా లేదు. గుండ్రంగా, నల్లగా, ఒకదాన్నొకటి అంటుకుని బిళ్లలే బిళ్లలు.

"ఎన్నాళ్లనుంచి పెరుగుతున్నాయివి?"

"కొన్ని నెలలైందండీ," అందామె.

"తల్లివేనా నువ్వు? ఇన్నాళ్లూ గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నావా?"

"మళ్లీ ఎందుకని మీరే కదండీ..."

"పెరిగినా తీసుకురావద్దన్నానా?"

"దీనికి మొదట్నుంచీ అశ్రద్ధేనండీ," అన్నాడు మొగుడు.

ముక్క తీసి పరీక్షకి పంపారు. లింఫ్ గ్రంథుల కేన్సరని తేలింది. అప్పటికే ఛాతీలోకి పాకింది. నయమయ్యే అవకాశం ఉంది గానీ, ముందే వచ్చుంటే ఇంత గట్టి మందులు అవసరమయ్యేవి కావన్నారు వార్డు డాక్టర్లు. ఆ ఒక్క ముక్కా పట్టుకుని, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాడు మొగుడు: "తెలిసి కూడా నోరు విప్పలేదండీ మహాతల్లి!" ఆ మాటలన్నీ పాప మంచం పక్కనే.

మొదటి మందు ఎక్కించేరోజు నర్సు సూది సిద్ధం చేస్తూ, "అమ్మ చెయ్యి పట్టుకో బంగారం," అంది.

పాప చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది. "అమ్మ వద్దు. నాన్నమ్మ కావాలి. అమ్మ తెలిసి కూడా చెప్పలేదట."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లి గోడవారకి జరిగింది. సూది దిగగానే, "అమ్మా!" అని కేక పెట్టింది పాప.

ఆమె గోడ దగ్గర్నుంచి మంచం వైపు ఒక్క అంగ వేసింది.

"నిన్ను కాదులే. నొప్పెడితే ఎవరైనా అలాగే అంటారు," అంది అత్తగారు. "అక్కడే ఉండు."

ఆమె అక్కడే ఉండిపోయింది.