మెట్ల మీద బీరువా

ప్రివ్యూ సాయంత్రం నాలుగింటికి. ఉదయం పదకొండున్నరకి ఎడిటర్ సినిమాలో ఉన్న నవ్వులన్నీ తీసేసింది.

తీయక తప్పదు. అవి అరువు నవ్వులు. ఆరు నెలల క్రితం ఎడిటింగ్ మొదలుపెట్టినప్పుడే డైరెక్టర్ ఒక పద్ధతి పెట్టాడు. హీరో జోకు వేసిన ప్రతిచోటా, ఎక్కడో రికార్డు చేసిన జనం నవ్వు తెచ్చి అతికించాలి. ఆ నవ్వు ఆగేదాకా తర్వాతి మాట రాకూడదు. "హాల్లో జనం నవ్వుతుంటే తర్వాతి డైలాగు వినబడదు మేడమ్. ఆ ఖాళీ ఇప్పుడే వదిలేద్దాం," అనేవాడు. వినడానికి సబబుగానే ఉంది. గోడ మీద కాగితం కూడా అంటించాడు: నిమిషానికి మూడు నవ్వులు.

ఇప్పుడు ఆ నవ్వులు పీకేసి చూస్తే సినిమా నిండా చిల్లులే. హీరో ఒకణ్ణి తంతాడు, ఒక మాట విసురుతాడు, ఆ తర్వాత రెండు సెకన్లు ఊరికే నిలబడతాడు. మళ్లీ తంతాడు, మళ్లీ విసురుతాడు, మళ్లీ నిలబడతాడు.

"నూట పన్నెండు," అంది ఎడిటర్.

"ఏమిటి?" అన్నాడు డైరెక్టర్.

"బస్‌స్టాపులు. అన్నిచోట్ల మీ హీరో బస్సు కోసం నిలబడ్డాడు."

డైరెక్టర్‌కి ముప్పై రెండేళ్లు. ఇది రెండో సినిమా. చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు, భయస్తుడు. "హాలు నిండితే అవే పూడతాయి మేడమ్. ఈ మధ్య ఆడిన యాక్షన్ కామెడీలన్నీ ఇలాగే ఉన్నాయిగా? దెబ్బ, జోకు. దెబ్బ, జోకు."

"ఆడనివీ అలాగే ఉన్నాయి."

"అయితే మీకు ఒక్కటీ నచ్చలేదా?"

"నచ్చకేం! పరుగు బాగుంటోంది, కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు ఒకే కారులో ఇరుక్కుంటే, ఆ తిట్లు వినడానికే రెండోసారి వెళ్లొచ్చు. హీరోయిన్‌ని మూలన నిలబెట్టి కెవ్వుమనిపించడం మానేసి ఆవిడ చేతికీ ఓ కర్ర ఇస్తున్నారు. సంతోషం. కానీ ఒక్కడికీ నొప్పి పుట్టదండీ! నాలుగో అంతస్తు నుంచి పడ్డవాడు దుమ్ము దులుపుకుని లేచి ఛలోక్తి విసిరితే ఇంక నేనెందుకు భయపడాలి? భయపడనిదాన్ని, అమ్మయ్య అనుకుని ఎందుకు నవ్వాలి?"

"మా హీరోకి నొప్పి పుడితే అభిమానులు ఊరుకోరు."

"నొప్పి పుట్టించడానికి మనుషులున్నారుగా," అన్నాడు సోఫాలోంచి మూడో మనిషి.

అతను ఎడిటర్‌కి మరిది. పరిశ్రమలో అందరూ స్ప్రింగు అంటారు. ఇరవై ఏళ్లుగా హీరోల బదులు మేడల మీంచి దూకడం, అద్దాల్లోంచి పడడం అతని పని. ఎక్కణ్ణుంచి పడినా వెంటనే లేచి నిలబడతాడని ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కుడికాలు ముందున్న స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. ఇంకొక్కసారి పడితే జన్మంతా చేతికర్రేనని డాక్టర్ తేల్చేశాడు. ఫైట్లు చేయడం మానేసి చేయించడం మొదలుపెట్టాలి. ఈ సినిమాలో మొదటిసారి ఫైట్ మాస్టర్‌గా అవకాశం వచ్చింది. వేరే కంపెనీ నిర్మాత ఒకావిడ సాయంత్రం ప్రివ్యూకి వస్తోంది. తన తర్వాతి సినిమాకి మాస్టర్‌ని వెతుకుతోంది. ఆవిడకి నచ్చితే పని. నచ్చకపోతే స్ప్రింగు మళ్లీ వెళ్లి ఎక్కణ్ణుంచో దూకాలి. ఇంకో పని అతనికి రాదు.

పొద్దున బయల్దేరేటప్పుడే తోడికోడలు ఎడిటర్ చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆయన ఇంకోసారి దూకుతానన్నాడంటే నేను పుట్టింటికి పోతా. కాదు, మీ గదిలోకొచ్చి పడుకుంటా."

ఆ నిర్మాతకి నచ్చగలిగింది సినిమా మొత్తంలో ఒకే ఒక్క ఫైటు. అది సినిమాలో లేదు.

ఉన్నదల్లా దాని ముక్కలు. కథలో హీరో, అతని స్నేహితుడు ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్లు మోసే పనివాళ్లు. ఐదో అంతస్తు నుంచి ఒక ముసలావిడ బీరువా దింపుతుంటారు. దాని కోసం నలుగురు రౌడీలు మెట్ల మీదే వాళ్లపై విరుచుకుపడతారు. స్ప్రింగు దీన్ని ఒకే షాట్‌లో తీయించాడు, రెండు నిమిషాల నలభై సెకన్లు. స్నేహితుడు ముందు పట్టుకుని, వెనక ఏం జరుగుతోందో తెలియక, వాళ్ల అత్తగారి గురించి చెప్పుకుంటూ దిగుతుంటాడు. వెనక పట్టుకున్న హీరో బీరువా వదలకుండా ఒక చేత్తో, మోకాలితో, తలతో నలుగురితో కొట్లాడుతుంటాడు. వాళ్లందరి వెనకా ముసలావిడ: "గోడకి తగిలించకండి! మా ఆయన కొన్నది!"

వెనక పట్టుకున్నది స్ప్రింగే. హీరో బదులు చేయాల్సిన మనిషికి ఆ రోజు జ్వరం. మొహం బీరువా చాటునే ఉంటుంది, చివరి పన్నెండు సెకన్లు తప్ప. అక్కడ అతను నిజంగా జారి, బీరువాతో సహా ఏడు మెట్లు వెల్లకిలా దిగిపోయాడు. మోకాలు అక్కడే పోయింది. టోపీ ఎగిరిపోయి మొహం తెరనిండా కనబడింది.

అందుకే డైరెక్టర్ ఆ షాట్‌ని పక్కన పెట్టించాడు. హీరో మొహాన్ని ఆకుపచ్చ తెర ముందు విడిగా తీసి, ఫైటుని నూట నలభై ముక్కలు చేసి, మధ్యమధ్యలో ఆ మొహాలు, జోకులు ఇరికించాడు. ఇప్పుడు ఎవరు ఎవర్ని కొడుతున్నారో కొట్టించుకునేవాడికి కూడా తెలియదు.

"ఒక్కసారి పూర్తి షాట్ పెట్టి చూద్దామండీ," అని అప్పటికి తొమ్మిదోసారి అడిగింది ఎడిటర్.

"హీరో మొహం లేని ఫైటా? నన్ను చంపేస్తారు మేడమ్," అని డైరెక్టర్ లేచి వెళ్లిపోయాడు.

నాలుగింటికి స్టూడియో ప్రివ్యూ హాలు నిండింది. ఎనభై సీట్లు. ఆఫీసు గుమస్తాలు, డ్రైవర్లు, వాళ్ల కుటుంబాలు, పక్కవీధి జనం. చివరి వరసలో అంచు సీట్లో నిర్మాత. అరవై దాటిన మనిషి, ఒళ్లో కళ్లజోడు పెట్టె. సినిమా ఇంకా ఫైనల్ ప్రింట్ తీసే దశకి రాలేదు కాబట్టి ఎడిటింగ్ మెషిన్నే ప్రొజెక్టర్‌కి తగిలించారు. ఎడిటర్ హాలు వెనక అద్దాల గదిలో మెషిన్ ముందు కూర్చుంది. ఆమె తెరని చూడదు. వీపుల్ని చూస్తుంది. మొహాలు మర్యాదకి నవ్వుతాయి, వీపులకి ఆ మర్యాద తెలియదు.

మొదటి పది నిమిషాలు వీపులు కుర్చీలకి తగల్లేదు. పరుగు, ఛేజింగు, ఇద్దరు స్నేహితుల పోట్లాట, అంతా బాగానే నడిచింది. మొదటి ఫైటు వచ్చింది. హీరో తన్నాడు, జోకు విసిరాడు. నలుగురైదుగురు నవ్వారు. అర సెకను. మిగిలిన సెకనున్నర హీరో తెర మీద నిలబడ్డాడు. హాలంతా అతన్ని చూస్తోంది, అతను హాలుని చూస్తున్నాడు. ఎవరో దగ్గారు.

రెండోసారి ముగ్గురు నవ్వారు. పదోసారి ఎవరూ నవ్వలేదు. ఇరవయ్యోసారి, హీరో నిలబడగానే వెనక వరసలోంచి ఒకతను, "వస్తాడ్లే, మాట్లాడతాడు, ఆగండి," అన్నాడు. దానికి మాత్రం హాలంతా నవ్వింది.

విశ్రాంతి పడేసరికి ఎనభై వీపులూ కుర్చీలకి అతుక్కుపోయాయి. డైరెక్టర్ అద్దాల గదిలోకి ఊడిపడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

"మేడమ్, ఏం చేద్దాం?"

"ఎంత టైముంది?"

"పదిహేను నిమిషాలు. ఆ నిర్మాతగారు డ్రైవర్‌కి ఫోన్ చేస్తున్నారు, వెళ్లిపోయేటట్టున్నారు."

"రెండో సగంలో మూడు ఫైట్లు. అన్నిట్లో చిల్లులు పూడ్చలేను. ఒకటి మార్చగలను."

డైరెక్టర్ ఏదీ అని అడగలేదు. ఒక్క క్షణం గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. "పెట్టండి. ఆవిడకి కాఫీ ఇప్పించి ఆపుతాను," అని పరుగెత్తాడు.

ఎడిటర్ పాత ఫోల్డర్ తెరిచింది. పూర్తి షాట్ తీసి, నూట నలభై ముక్కల్నీ లేపేసి, ఆ జాగాలో పెట్టింది. ధ్వని కలిపి లేదు. సంగీతం లేదు. గుద్దుల శబ్దాలు లేవు. చెప్పులు కిర్రుమనడం, మనుషుల ఆయాసం, ముసలావిడ తిట్లు, అంతే. అప్పుడు స్ప్రింగు కుంటుకుంటూ లోపలికొచ్చాడు.

"వదినా, చివర పన్నెండు సెకన్లు కోసెయ్."

"ఎందుకు?"

"అది ఫైటు కాదు. నా తప్పు. ఐదంతస్తుల మెట్లూ నేనే స్వయంగా తుడిపించాను. చివరి వరస వదిలేశాను, ఇంకేముందిలే అని. బీరువా పాలిష్ చుక్కలు పడున్నాయి అక్కడ. మాస్టరు తన మెట్ల మీద తనే జారాడంటే ఎవరిస్తారు నాకు పని?"

"కోస్తే ఫైటు మధ్యలో ఆగిపోతుందిరా. బీరువా గాల్లో ఉంటుంది."

"ఉంటే ఉండనీ. నా మొహం కనబడకూడదు."

"సరే, నువ్వెళ్లి కూర్చో. కాలు కింద పెట్టకు."

అతను వెళ్లాడు. ఆమె కత్తిరించే చోటికి వెళ్లి రెండుసార్లు చూసింది. కోస్తే మరిది పరువు దక్కుతుంది, ఫైటు చచ్చిపోతుంది. ఉంచితే ఏమవుతుందో తెలియదు. దీపాలు ఆరిపోయాయి. ఆమె కోయలేదు.

నిర్మాత కాఫీ కప్పుతో సీట్లో కూర్చునే ఉంది.

బీరువా ఐదో అంతస్తు గుమ్మం దాటింది. సంగీతం లేకపోయేసరికి జనం అయోమయంగా కదిలారు. ఎక్కడో పాడైందేమో అనుకున్నారు. "మా అత్తగారు ఒక్క పూట కూడా..." అంటూ ముందు మనిషి దిగుతున్నాడు. మొదటి రౌడీ వచ్చాడు. వెనక మనిషి బీరువా వదిలితే ముందువాడు చస్తాడు. వదలకపోతే తను చస్తాడు. వదల్లేదు. తలతో గుద్దాడు. నాలుగు వీపులు కుర్చీలు వదిలాయి.

"గోడకి! గోడకి!" అంది ముసలావిడ. మొదటి నవ్వు అక్కడ వచ్చింది. బీరువా తలుపు తెరుచుకుని రెండోవాడి మొహానికి తగిలింది, లోపలి చీరలు మూడోవాడి మీద పడ్డాయి. వెనక మనిషి కొడుతూనే ఒక్కో చీర కాలితో అందుకుని లోపలికి విసురుతున్నాడు. ఒక్క జోకు లేదు, ఆయాసం తప్ప. హాలు నవ్వుతోంది, నవ్వుతూ కుర్చీ చేతులు పట్టుకుంటోంది. ఆ నవ్వు కోసం ఎవరూ ఆగలేదు, ఆగడానికి షాట్‌లో ఖాళీ లేదు.

చివరి వరస మెట్లు. స్ప్రింగు కాలు జారింది.

ఏడు మెట్లు. టోపీ ఎగిరింది. హాల్లో ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు. అతను వెల్లకిలా పడి ఉన్నాడు, రెండు చేతులూ పైకెత్తి, బీరువాని ఛాతీకి జానెడు ఎత్తున ఆపి. ఆ మొహంలో నొప్పి నటన కాదు. ముసలావిడ వేషం వేసిన నటి వేషం మర్చిపోయింది. "అయ్యో నాయనా! కాలు... అతని కాలు చూడండి ఎవరైనా!"

కెమెరా ఇంకా తిరుగుతోందని గుర్తున్నది స్ప్రింగుకి ఒక్కడికే. పళ్లు బిగించి, తల తిప్పి ఆవిణ్ణి చూశాడు.

"గీత పడలేదు కదమ్మా?"

ముందు మనిషి వెనక్కి తిరక్కుండానే, "ఏంట్రా, బరువెక్కువైంది?" అన్నాడు.

హాలు విరగబడి నవ్వింది. ఆ తర్వాతి సీన్‌లో మొదటి నాలుగు మాటలు ఎవరికీ వినబడలేదు. అద్దం ఇవతల ఎడిటర్ నవ్వలేదు. ఆమె మూడో వరసలో ఒక్క వీపునే చూస్తోంది. స్ప్రింగు తల రెండు చేతుల్లో పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు.

ఆట అయ్యాక డైరెక్టర్ వరండాలో ఎడిటర్‌ని పట్టుకుని గబగబా చెప్పాడు. పూర్తి షాట్ ఉంటుంది. చివర పడుకున్న మొహం ఒక్కటి హీరోతో మళ్లీ తీస్తాడు, పరుపు మీద, నొప్పితో సహా. హీరోని తనే ఒప్పిస్తాడు. మిగతా బస్‌స్టాపులన్నీ రేపు మూసేద్దామన్నాడు. ఆమె తలూపింది కానీ వినడం లేదు. నిర్మాత తిన్నగా స్ప్రింగు దగ్గరికి నడిచింది.

"ఆ పడ్డది నువ్వేగా?"

"నేనేనమ్మా."

"నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా. ఒక మనిషి పడ్డం చూసి నేను సీట్లోంచి లేవడం ఇదే మొదలు. మా సినిమాలో రైలు పెట్టె మీద ఉంది అలాంటిది. నువ్వే పడాలి. ఇవాళే మాటిచ్చెయ్."

ఎడిటర్ రెండడుగులు ముందుకొచ్చింది. ఆ పన్నెండు సెకన్లు ఉంచింది తను. ఇరవై ఏళ్లుగా ఎవరు పడమన్నా, ఏ ఎత్తు నుంచి అని తప్ప ఇంకో ప్రశ్న అడగని మనిషి వీడు. ఆమె నోరు తెరవబోయింది. స్ప్రింగు చెయ్యెత్తి ఆపాడు.

"అది పడ్డం కాదమ్మా, జారడం. చివరి వరస మెట్లు నేను చూసుకోలేదు. మోకాలు పోయింది. నేనింక పడను."

నిర్మాత మొహం చిన్నబోయింది. "మరి నాకు కావలసింది అదేగా. అంత నిజంగా ఇంకెవరు పడతారు?"

"నిజంగా పడితే రెండోసారి తీయలేరు. హాలుని లేపింది నేను పడ్డం కాదు, రెండున్నర నిమిషాలు ఆ బీరువా కింద పడుతుందేమో అని వాళ్లు భయపడ్డం. ఆ భయం నేను కట్టాను. దాన్ని మీ రైలు మీద కూడా కడతాను. చివర ఎవరు పడినా మీరు మళ్లీ లేస్తారు. వాడు మాత్రం సాయంత్రం నడుచుకుంటూ ఇంటికెళ్తాడు."

"మాస్టర్‌గా నువ్వు చేసింది ఒక్క ఫైటు. అందులోనూ నీ కాలే విరిగింది."

"అవునమ్మా. అందుకే చెప్తున్నా."

ఆవిడ కళ్లజోడు పెట్టె తెరిచి మూసింది. "సోమవారం పదింటికి మా ఆఫీసు వెనక షెడ్డుకి రా. నీ మనుషులు ముగ్గుర్ని తెచ్చుకో. రైలు పెట్టె కొలతకి ఓ చెక్కబల్ల వేయిస్తా. అక్కడ నన్ను భయపెట్టు, చూద్దాం. భయపడకపోతే కాఫీ తాగి వెళ్లిపోదువుగాని," అని కారు వైపు వెళ్లింది.

ఎడిటర్ కళ్లు తుడుచుకుని, "ఒరేయ్, ఆ ముక్క నేను..." అంది.

"కోయలేదని తెలుసులే. ఇంటికెళ్లాక తిడతా. ముందు ఫోనివ్వు, నాది చార్జింగ్ అయిపోయింది."

వరండా గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని మొదటివాడికి ఫోన్ చేశాడు.

"సోమవారం పనుంది. ఎనిమిదింటికే రండి, బల్ల మీద ప్రతి అంగుళం తుడవాలి. కాదు, నేను దూకడం లేదు. విను ముందు. మోకాళ్లకి ప్యాడ్లు లేకుండా ఎవడొచ్చినా గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తా."