ఆరబెట్టిన గడ్డి

వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి నాలుగు చూడి గుర్రాలు, ఒక అద్దె శాల, మా అన్నయ్య. కొనడం, అమ్మడం నా పని. మేపడం, కడగడం, పురుడు చూడడం అన్నయ్య పని. చూడిదాన్ని కొంటే ఒక్క బేరంలో రెండు ప్రాణాలు చేతికొస్తాయని నా లెక్క.

మొదట ఎర్రది ఈసుకుపోయింది. నెలలు దాదాపు నిండిన కడుపు పోయింది. పొద్దున వెళ్లేసరికి పిల్ల గడ్డిలో తడిగా, చల్లగా పడి ఉంది. తల్లి ఒకసారి వాసన చూసి గోడవైపు తిరిగి నిలబడింది.

“జారిపడి ఉంటుంది. నిన్న వాన కదా,” అన్నాడు అన్నయ్య.

నేనూ సరే అనుకున్నాను. నష్టానికి ఏదో ఒక కారణం దొరికితే మనసు ఇంక వెతకదు.

మా శాలలో గడ్డి పారేయం. గుర్రాల కింద తడిసినదాన్ని పెరట్లో ఆరబెట్టి, దులిపి, మళ్లీ పరుస్తాం. గడ్డి ధర అలా ఉంది మరి. ఎర్రది పడుకున్న గడ్డిలో మరకలున్న పైపొర మాత్రం తీసేసి, మిగతాది ఎండబెట్టి పక్క రెండు గదుల్లో పరిచాడు అన్నయ్య. చివరి గదిలో ఉన్న నాలుగో గుర్రం చుక్క దాకా అది సరిపోలేదు.

ఆ రెండు గదుల్లోవీ ఒకదాని వెనక ఒకటి ఈసుకుపోయాయి.

అప్పుడు పశువుల డాక్టరమ్మను పిలిచాం. ఆమె మాయ ముక్కలు సీసాలో వేసుకుని వెళ్లి, పరీక్ష చేయించి మళ్లీ వచ్చింది.

“బాక్టీరియా. సాల్మొనెల్లాలో గుర్రాలకి పట్టే రకం. పడ్డ పిల్లలో, మాయలో, ఉమ్మనీటిలో అదే ఉంటుంది. ఆ తడి తగిలిన మేత మూతికి అందితే చాలు, ఇంకోదానికి అంటుకుంటుంది. ఎర్రదాని కింద గడ్డి ఏం చేశారు?”

అన్నయ్య చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఎండబెట్టాం.”

“తర్వాత?”

“ఎండ బాగానే కాసిందమ్మా.”

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “గడ్డంతా కాల్చేయండి. చుక్కని వేరుగా కట్టండి. ఇక్కణ్ణుంచి ఏ గుర్రమూ బయటికి కదలకూడదు,” అని వెళ్లిపోయింది.

కానీ చుక్కకు అప్పటికే బేరం కుదిరింది. స్వారీ నేర్పే బడి నడిపే పెద్దాయన లారీ తీసుకుని వస్తున్నానని ఫోన్ చేశాడు. మాకు మిగిలిన చూడిది అదొక్కటే.

“చెప్పకురా. దానికేం లేదు. తింటోంది, తిరుగుతోంది,” అన్నాడు అన్నయ్య.

“లేకపోతే మంచిదే. ఉంటే?”

“ఉంటే వాళ్ల శాలలో ఉంటుంది.”

వదిన బకెట్ తోముతూ తల ఎత్తలేదు. “ఇంత తెలివి గడ్డి పరిచేటప్పుడు ఎక్కడ దాచారో,” అంది.

నేను లెక్క వేసుకున్నాను. పెద్దాయన దగ్గర పన్నెండు గుర్రాలు, సగం ఆడవి. చుక్కతో పాటు రోగం కూడా దిగితే ఆయన శాల మునుగుతుంది. మునిగినవాడు మళ్లీ నా దగ్గర ఏం కొంటాడు? మంచితనం సంగతి పక్కన పెట్టినా ఆ బేరం గిట్టదు.

లారీని గేటు బయటే ఆపి ఉన్నదంతా చెప్పాను. ఆయన కిందికి దిగి చక్రాల వంక చూశాడు.

“ఫోన్‌లో చెబితే డీజిల్ మిగిలేది కదయ్యా.”

“ఇంకెవరో ఎక్కువిస్తామన్నారని అనుకునేవారు.”

“అనుకునేవాణ్ణే,” అని లారీ వెనక్కి తిప్పించాడు. దారి పొడుగునా మా శాల సంగతి చెప్పుకుంటూ వెళ్లాడు. అప్పట్నుంచి మా గడప తొక్కినవాడు లేడు.

అన్నయ్య నాతో మాటలు మానేసి, చుక్క పనిలో పడ్డాడు. దానికి వేరే బకెట్, వేరే చెప్పులు, ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడగడం. కొత్త గడ్డి తనే మోసుకొచ్చాడు.

చుక్క ప్రాణమున్న పిల్లనే ఈనింది. కానీ ఆ పిల్ల లేవలేకపోయింది. వారం తిరక్కుండా మోకాలు వాచింది. డాక్టరమ్మ చూసి, దీనిలోనూ అదే బాక్టీరియా, ఆ గడ్డి తగలకపోయినా చేతుల మీదో బకెట్ల మీదో తల్లికి చేరి ఉంటుందని చెప్పి సూదులు మొదలుపెట్టింది. చుక్క పాలు పిండి సీసాతో పట్టాడు అన్నయ్య. ఒక మధ్యాహ్నం పిల్ల తనంతట తాను నిలబడింది.

“కాలు వంకర. ఎవడూ కొనడురా,” అన్నాడు. నాతో అన్న మొదటి మాట అదే.

“కొనడు.”

“అయితే ఉంటుందిలే.”

మొత్తం మీద చూస్తే ఇదీ లెక్క. మూడు పిల్లలు పోయాయి. తల్లులు నాలుగూ బతికాయి. మళ్లీ చూడి కట్టించుకోవచ్చని డాక్టరమ్మ అంటోంది గానీ, ఈ ఏడు మా ఇద్దరికీ ఓపిక లేదు. పెద్దాయన శాలలో పన్నెండూ బాగున్నాయట. అవి నావి కావు కాబట్టి లాభంలో కలుపుకోలేను. చేతికి వచ్చింది ఆ వంకరకాలి పిల్ల ఒక్కటే.