మూడంగుళాలు తెగిన టేపు

మామగారు తిండి తగ్గించారని టైలరమ్మకు తెలిసింది పళ్లెం చూసి కాదు, ప్యాంటు చూసి. ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆయన బెల్టుకు కొత్త చిల్లు కనబడింది. మేకుతో పొడిచిన చిల్లు. అది చూశాక ఆమె చెయ్యి ఊరుకోలేదు. ప్యాంటు నడుం విప్పి, వెనక కుట్టులో అంగుళమున్నర లోపలికి పట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మడతపెట్టేసింది. నెల తిరక్కుండానే ఇంకో అంగుళం పట్టాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లుగా పరాయివాళ్ల నడుములు కొలిచిన మనిషికి దాని అర్థం వేరే ఎవరో చెప్పక్కర్లేదు.

మామగారు ఒకప్పుడు కొట్లకు బోర్డులు రాసేవారు. ఎంత పొడుగు బోర్డయినా తాడు పట్టకుండా, కంటి అంచనాతో గీత గీసేవారని పేరు. ఇప్పుడు కుడిచెయ్యి వణుకుతుంది. చెంచా పళ్లెం అంచుకు తగిలి టకటకమంటుంది. రెండు మెతుకులు నోట్లోకి వెళితే నాలుగు చొక్కా మీద పడతాయి.

ఇల్లు చూస్తే ఒక పడకగది, ఒక వంటగది, ఒక హాలు. హాల్లోనే కుట్టుమిషను, నిలువుటద్దం, గుడ్డలు కత్తిరించే బల్ల. భోజనం కూడా ఆ బల్ల మీదే. గుడ్డలన్నీ ఎత్తి మంచం మీద పడేసి, గుండుసూదులు ఏరి, బల్ల తుడిచి, అప్పుడు పళ్లెం పెట్టాలి. సరిగ్గా పళ్లెం పెట్టేసరికి వాకిట్లో గంట మోగుతుంది.

ఎక్కువగా ఆ గంట కొట్టేది బ్యాంకావిడ. ఆమెకు మధ్యాహ్నం ఒంటిగంటకే తీరిక.

"రెండు నిమిషాలే టైలరమ్మా. కోటు ఒకసారి వేసుకుని చూసి పోతాను. తాతగారూ, మీరు కానివ్వండి, నేను చూడనుగా."

చూడననే అనేది. అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరుగుతూ అద్దంలోంచి చూస్తూనే ఉండేది. ఒకరోజు ఆమె లోపలికి వస్తూండగా టైలరమ్మ చప్పుడు కాకుండా మామగారి కుర్చీని గోడవైపు తిప్పి, పళ్లెం కూడా అటు జరిపింది. ఆయన చెంచా కింద పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు. మర్నాటి నుంచి "ఆకలిగా లేదమ్మాయ్" అనడం మొదలుపెట్టారు.

"నీ చేతిలో మిషనుంది కదే, పరదా ఒకటి కుట్టి కట్టెయ్," అన్నాడు ఆమె భర్త. సిటీ బస్సు నడుపుతాడు. పొద్దున్నే పోతే మళ్లీ సాయంత్రానికే ఇల్లు చేరతాడు.

కుట్టింది. కట్టింది. మామగారు పరదా లోపల కూర్చుంటే, ఇవతల మనుషులు మాటలాపి మరీ ఆ టకటక వింటున్నారు. రెండో రోజున ఆయనే లేచి పరదా ఊడదీసి మడిచి ఆమె చేతికిచ్చారు. "ఆసుపత్రి వార్డులో ఉన్నట్టుందమ్మా," అన్నారు. ఆ పరదాను ఆమె ఎవరి సంచికో లైనింగ్ వేసేసింది.

అప్పటినుంచి ఆమెకు మనసు ఒకచోట నిలబడలేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయేది. బల్లను కిటికీ పక్కకు లాగేది, మంచాన్ని బల్ల ఉన్న చోటికి లాగేది, సాయంత్రానికి అన్నీ మళ్లీ మొదటి చోటికి చేర్చేది. "రోజూ ఇల్లు మారిపోతోంది, బస్సు దిగి ఏ ఇంటికి పోవాలో తెలియట్లేదు," అని భర్త వేళాకోళం చేసేవాడు. ఒకరోజు ఆమె నవ్వలేదు. "భోజనానికి వేరే చోటు ఉన్న ఇల్లు చూద్దామండీ," అంది.

బ్రోకరు చూపించిన ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. హాలు ఇదే మాదిరి. వంటింటికీ హాలుకీ మధ్య లోపలికి నొక్కినట్టు ఒక చోటు, దానికో చిన్న కిటికీ.

"ఇదేనండీ డైనింగ్," అన్నాడు బ్రోకరు, రాజుగారి కోట చూపిస్తున్నట్టు చెయ్యి చాచి.

"ఇది డైనింగా, అలమారా పెట్టడం మర్చిపోయిన సందా?" అన్నాడు డ్రైవరు.

"అంతమాట అనకండి సార్. దీని కోసమే నా వెనకాల ఇద్దరు తిరుగుతున్నారు."

"వాళ్లెవరో సన్నగా ఉండుంటారు."

టైలరమ్మకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆమె ఆ చోటులో నిలబడి హాలుకేసి చూసింది. అద్దం ఎక్కడ పెట్టినా ఇక్కడి కుర్చీ కనబడదు. అది చాలనిపించింది. చేతిసంచిలోంచి టేపు తీసి భర్తకిచ్చి కొలవమంది. అతను ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పట్టి "యాభై ఎనిమిది" అని చెప్పాడు. ఆమె చీటీ మీద రాసుకుంది.

అద్దె మాత్రం ఇప్పటిదాని కంటే చాలా ఎక్కువ. ఆ తేడా పూడ్చాలంటే నెలకు ఇంకో ఎనిమిది గౌన్లు కుట్టాలి. ఎనిమిది గౌన్లంటే ఎనిమిది మంది మనుషులు, ఎనిమిది సార్లు ట్రయల్, ఎనిమిది సార్లు గంట. మనుషుల కంట పడకుండా ఒకచోటు కావాలని ఇల్లు మారితే, ఆ ఇల్లు నిలబెట్టడానికి ఇంకొంతమంది మనుషులను పిలవాలి. మెట్లు దిగుతున్నంతసేపూ ఈ చిక్కు ఆమె బుర్రలో మిషను కింద బాబిన్ దారంలా తిరుగుతూనే ఉంది.

"వారంలో చెప్పండి, లేకపోతే పోతుంది," అన్నాడు బ్రోకరు.

ఇంటికి వచ్చి ఆమె చేసిన పని చూసి డ్రైవరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. గుడ్డల మీద గీసే సుద్ద తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, హాల్లో ఒక మూలన ఆ చోటు కొలతలన్నీ నేల మీద గీసేసింది. వంటింటి తలుపు ఎటు తెరుచుకుంటుందో అది కూడా గీసింది. బల్లను గీతల లోపలికి జరిపి రెండు కుర్చీలు వేసింది.

"ట్రయల్ చూడకుండా కోటు కూడా ఇవ్వను నేను," అంది. "వారం రోజులు ఇందులో తిని చూద్దాం. సరిపోతే అడ్వాన్సు ఇద్దాం."

"ఇంటికి ట్రయల్ వేసే ఆడదాన్ని నిన్నే చూశాను," అన్నాడతను.

ట్రయల్ అన్నాక సరిగ్గా ఉండాలి. ఒక కుర్చీలో మామగారు కూర్చుంటే రెండో కుర్చీలో ఎవరో ఉండాలి, లేకపోతే మోకాళ్లు తగులుతాయో లేదో తెలిసేదెలా? కాబట్టి ఆ వారమంతా మధ్యాహ్నం ఆమె కూడా పళ్లెం పెట్టుకుని గీతలో కూర్చుంది. అంతకుముందు వంటింట్లో నిలబడి, కత్తెర చేతిలో పెట్టుకునే రెండు ముద్దలు మింగేది. కూర్చుంటే మాట్లాడాలి కదా అని ఆమె ఏదో మాట్లాడింది. ఆయనా మాట్లాడారు. ఒకసారి బట్టలకొట్టు బోర్డు మీద ఒక అక్షరం తిరగేసి రాసి, కొట్టువాడికి చెప్పకుండా నిచ్చెన దిగి వచ్చేసిన సంగతి చెప్పారు. "ఏడేళ్లు ఉందమ్మాయ్ ఆ బోర్డు. ఒక్కడు చదివితే ఒట్టు." చెంచా టకటకమంటూనే ఉంది. అన్నం మాత్రం మారు అడిగి వడ్డించుకున్నారు. ఒకటి రెండుసార్లు గంట మోగితే ఆమె గీతలోంచే "కాసేపాగి రండి" అని కేకేసింది.

అయిదో రోజున పప్పు పూర్తిగా అయిపోయింది. టైలరమ్మ ఖాళీ గిన్నె చూసి లోలోపల పొంగిపోయింది. గది మహిమ అనుకుంది. ఎనిమిది కాదు, పది గౌన్లయినా కుడతానులే అనుకుంది.

శనివారం సాయంత్రం అడ్వాన్సు తీసుకువెళ్లడానికి ఇద్దరూ తయారవుతున్నారు. మామగారు మంచం మీద పేపరు చూస్తున్నారు. ఏదో గుర్తొచ్చినట్టు టైలరమ్మ చీటీ తీసి చూసింది.

"ఏవండీ, ఆ రోజు యాభై ఎనిమిది అన్నారు. మూడు తీసేసి చెప్పారా?"

"మూడేంటి?"

ఆమె టేపు తీసి ముందు పెట్టింది. దాని మొదలు ఎప్పుడో కత్తెరలో పడి తెగింది. మొదటి మూడంగుళాలు లేవు. మూడో గీత దగ్గరే మొదలవుతుంది ఆ టేపు. ఆమె ఎప్పుడు కొలిచినా మనసులోనే మూడు తీసేస్తుంది. ఊపిరి తీసినంత అలవాటు. కొత్త టేపు కొంటే దాంట్లోనూ మూడు తీసేస్తానేమోనని కొనడం కూడా మానేసింది.

"తీసుకోవాల్సింది నువ్వు కదా," అన్నాడు డ్రైవరు. "టేపు నీది, తెంపింది నువ్వు."

"టేపు పట్టి అంకె చదివినవాళ్లే తీస్తారనుకున్నా."

నేల మీద గీతను మూడంగుళాలు లోపలికి జరిపి గీసింది. తలుపు కోసం గీసిన గీత వచ్చి సరిగ్గా రెండో కుర్చీ కాళ్ల మధ్యన పడింది. బల్లను అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఎలా తిప్పినా ఒక కుర్చీ వేస్తే వంటింటి తలుపు తెరుచుకుంటుంది, రెండు వేస్తే తెరుచుకోదు.

"పోనీలే," అన్నాడు డ్రైవరు. "అక్కడ ఒక్కరు కూర్చుంటే చాలదూ? ఎలాగూ నాన్న కోసమేగా."

పేపరు చప్పుడు ఆగిపోయింది.

"నా కోసమా?" అన్నారు మామగారు. పేపరు మడవబోయారు, చేతుల్లో అది రెపరెపలాడింది, వదిలేశారు. "అమ్మాయ్, నా ప్యాంటు నడుం ఎన్నిసార్లు పట్టావు?"

ఆమె ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"చెయ్యి పోయింది కానీ కన్ను పోలేదు. మొదటిసారి వేసిన దారం కాస్త నలుపెక్కువ. రెండోసారి సరైన దారమే వేశావు. రంగులతో బతికినవాణ్ణి, నా దగ్గరా నీ దాపరికం?"

ఆమె సుద్ద వేళ్ల మధ్య నలిపింది.

"ఒకసారి నన్ను గోడవైపు తిప్పావు," అన్నారాయన, కోపం లేకుండా. "నీకు చిన్నతనంగా ఉందనుకున్నాను. సరే, కోడలు పదిమంది వచ్చిపోయే చోట పని చేసుకునే మనిషి, తప్పేముంది అనుకున్నాను. ఇప్పుడు దానికోసం అద్దె కట్టి మరీ గోడ కొంటామంటున్నారు."

"అలా కాదు మామయ్యా. ఈ గీతలో కూర్చుంటే మీరు బాగా తింటున్నారని..."

"గీతలో ఏముంది, సుద్ద తప్ప? నా పళ్లెం ఎదురుగా ఇంకో పళ్లెం ఉంది." ఆయన కొడుకువైపు చూశారు. "అక్కడ ఒక్క కుర్చీయే పడుతుందంటున్నావుగా నువ్వు."

డ్రైవరు తల గోక్కుని బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చాడు. ఆ సాయంత్రం బ్రోకరు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఫోను డ్రైవరే చేశాడు. వద్దన్నందుకు బ్రోకరు ఏమేమో అన్నాడు, అవన్నీ ఇతను "ఆహా, ఆహా" అంటూ విన్నాడు.

ఆదివారమంతా టైలరమ్మ స్థిమితంగా లేదు. నేల మీద గీతలు తడిగుడ్డతో తుడిచింది. కుర్చీని తను గోడవైపు తిప్పిన రోజు మాత్రం తుడిస్తే పోలేదు. కుర్చీ తిప్పిన చేతినే ఒకటికి రెండుసార్లు చూసుకుంది. చివరికి గౌను మడతల్లో పెట్టే అట్టముక్క ఒకటి, నల్లరంగు డబ్బా తెచ్చి మామగారి ముందు పెట్టింది.

"ఒక బోర్డు కావాలి. మీ రేటెంతో చెప్పండి."

"ఏం రాయాలి?"

"ఒంటిగంట నుంచి రెండింటిదాకా ట్రయల్ లేదు."

"పొడుగెక్కువ," అన్నారాయన. కానీ రాశారు. అక్షరాలు చలికి వణికినట్టు వచ్చాయి. చివర 'లేదు' కిందికి జారిపోయింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఇది నా పని అని ఎవరికీ చెప్పకు," అన్నారు. "తలుపుకి కాస్త కిందుగా కట్టు."

సోమవారం ఒంటిగంటకు బల్ల మీద రెండు పళ్లేలు పెట్టింది. ఆయన కుర్చీ హాలువైపే ఉంది, అద్దానికి ఎదురుగా. ఇద్దరూ కూర్చున్నారు. పావుగంటకు గంట మోగింది.

"టైలరమ్మా, నేనే. కోటు. రెండు నిమిషాలే."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బ్యాంకావిడ పోతే ఆవిడకు ఇంకో టైలరు దొరుకుతుంది. ఆవిడ వెనక ఆఫీసు మొత్తం పోతుంది. నడుం అప్పుడే కుర్చీలోంచి సగం లేచింది. మామగారు ఆమెను చూడలేదు. ఆమె పళ్లెం చూస్తున్నారు, చెంచా గాల్లో ఆగి వణుకుతోంది.

గంట మళ్లీ మోగింది. "బోర్డు పెట్టారే, నాక్కూడానా?" అంటోంది బయట గొంతు.

టైలరమ్మ కూర్చుంది. కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"రెండింటికి రండి అమ్మగారూ," అంది, తలుపువైపు తిరక్కుండానే. "భోంచేస్తున్నాం."

మూడోసారి గంట మోగింది. టకటకమంటూ చెంచా పళ్లేన్ని తాకింది.