ఆరువందల పన్నెండు కిలోమీటర్లు

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఆరువందల పన్నెండు కిలోమీటర్లు, ప్రయాణం గంటా పది నిమిషాలు. రోజూ పొద్దున్నే వచ్చి, గాలి ఎటుందో చూసి, ఇంధనం ఎంత పోయాలో లెక్కకట్టి పైలట్‌కి కాగితం అందించడం ఆమె పని. పైలట్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ ఆమె అక్కే.

ఎక్కినవాళ్లకి వెళ్లాలని లేకపోతే దారి సాగి పొడవయ్యేది. అందుకని ఇంధనం కాస్త ఎక్కువే పోయించేది. పెళ్లివారు ఎక్కినరోజు విమానం పావుగంట ముందే దిగేది. బదిలీ అయిన ఆఫీసర్లు నలుగురు ఎక్కారంటే రెండు గంటలు ఖాయం. "ఎవరో మనసు చంపుకుని ఎక్కినట్టున్నారు" అని విసుక్కుని, జనం పేపరు మళ్లీ మొదటిపేజీ నుంచి చదువుకునేవాళ్లు.

ఆ రోజు ఎక్కినవాళ్లలో ఆమె తమ్ముడున్నాడు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నెల క్రితం ప్రెస్సు మిషన్లో నలిగి అతని స్నేహితుడు పోయాడు. మనిషి అడ్డమొస్తే మిషన్ని ఆపే స్విచ్ ఒకటుండేది. పని నెమ్మదిస్తోందని మేనేజరు పీకేయమన్నాడు, తమ్ముడు పీకేశాడు. ఇప్పుడు కంపెనీ తప్పంతా పోయినవాడి మీదకి తోస్తోంది. పదకొండున్నరకి అవతలి ఊళ్లో విచారణ, తమ్ముడు సాక్ష్యం చెప్పాలి.

"ఏం చెప్పనక్కా?" అన్నాడు గేటు దగ్గర.

"వాళ్లు చెప్పమన్నదే చెప్పు. పోయినవాడు ఎలాగూ రాడు. ఉద్యోగం పోతే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. పిల్లల్ని ఎక్కడ పెడతావురా?"

తమ్ముడు తలూపి వెళ్లిపోయాడు.

విమానం లేచిన అరగంటకి, ఆమె ముందున్న తెర మీద మిగిలిన దూరం మూడువందలు. పది నిమిషాల తర్వాత కూడా మూడువందలే. ఆ తర్వాత మూడువందల నలభై.

"అక్కా, ఎంత పోయినా దారి తరగట్లేదు," అన్నాడు పైలట్ రేడియోలో. "ఇంకో ఐదు నిమిషాలు చూస్తా. తర్వాత ఇంధనం చాలదు, వెనక్కి తిప్పాల్సిందే."

వెనక్కి వచ్చే దారి మాత్రం సాగలేదు, ఎప్పటిలాగే ఉంది. తిప్పితే ఎవరికీ ప్రమాదం లేదు. తమ్ముడు విచారణకి అందడు, వాడు అబద్ధమాడే పనీ ఉండదు. ఆ అబద్ధమేదో మిగతా సాక్షులు చెప్పుకుంటారు. "తిప్పేయండి" అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో వాడు తలూపిన తీరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు చేదుమందు మింగమంటే అచ్చం అలాగే ఊపేవాడు.

"పన్నెండో వరుసలో మా తమ్ముడున్నాడు. ఒక్క మాట చెప్పించండి," అంది. "పొద్దున నేను చెప్పింది తప్పనండి. జరిగింది జరిగినట్టు చెప్పమనండి. ఇల్లు పోతే పిల్లల్ని తీసుకుని నా దగ్గరికి వచ్చేయమనండి."

తెర మీద మూడువందల నలభై అలాగే నిలబడింది. తర్వాత మూడువందల పది. రెండువందల ఎనభై. అక్కణ్ణుంచి అంకెలు చదివేలోగా మారిపోయాయి. పదకొండు కాకముందే విమానం దిగింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"చెప్పేశానక్కా. పీకింది నేనేనని కూడా చెప్పా. ఉద్యోగం పోయింది. కేసు కూడా పెడతారట."

"పోయినవాడి భార్య వచ్చిందా?"

"వచ్చింది. బయట బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. ఒక్క మాటా తిట్టలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తిన్నాడా అని అడిగిందక్కా. నెల్రోజులుగా ఎవర్నీ అడగలేకపోయిందట. తిన్నాడమ్మా, నాతోనే కూర్చుని తిన్నాడని చెప్పా."