తూము మీది ఎర్రగుడ్డ

మా పొలంలోంచి ఏదీ బయటికి పోదు. చేపల చెరువులోని ఉప్పునీళ్లు తూము గుండా మడుల్లోకి వస్తాయి. మడుల్లో ఉప్పుకాడలు పెరుగుతాయి. ఆకులు లేని, కణుపుకణుపునా నీరు నింపుకున్న పచ్చటి కాడలు. చేపల మురికే వాటికి బలం. తేటపడిన నీళ్లు చివరి మడి నుంచి మళ్లీ చెరువుకే చేరతాయి. లేత కాడలు మేం తింటాం, అమ్ముతాం. ముదురువి గొర్రెలకు వేస్తాం. వాటి ఎరువు తిరిగి మడులకే. గడ్డిపోచ కూడా మొలవని చవిటి నేలలో ఇదంతా నిలబెట్టింది నా భార్య. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన నేను గట్టు మీద నిలబడి మెచ్చుకునేవాణ్ణి. ఆమె పోయాక అమ్మాయీ అల్లుడూ పని అందుకున్నారు.

ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది. చెరువులో మందు వేస్తే తూము పలకకి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్నన్నాళ్లూ పలక ఎత్తకూడదు. ఇక నోటితో చెప్పుకునే పనే లేదు. ఆ గుడ్డ ఆమె పాత చీరచెంగు.

ఆ ఉదయం పలకకి గుడ్డ లేదు. రోజూలాగే ఎత్తాను. నీళ్లు గలగలమంటూ మొదటి మడిలోకి పారాయి.

కాసేపటికి అమ్మాయి బుట్ట పట్టుకుని వచ్చింది. దానికి ఏడో నెల. పొద్దున్నే పచ్చి ఉప్పుకాడలు నమిలితే తప్ప వేవిళ్లు తగ్గేవి కావు. అవి పోయినా అలవాటు పోలేదు. కడిగితే రుచి పోతుందని కడగదు. వెనకాలే ముసలి గొర్రె. ఉప్పుకాడలు తప్ప ఏం పెట్టినా మూతి తిప్పుకుంటుందని దానికి అత్తగారని పేరు.

"జరుగత్తా! ముందు నన్ను తిననీ."

"కోడలి కంచం మీద కన్నెయ్యని అత్త ఎక్కడుంటుందే?" అన్నాను.

అమ్మాయి నవ్వుతూ మడిలోకి వంగింది. నేను కాఫీ పెట్టడానికి ఇంట్లోకి వచ్చాను.

అల్లుడు బజారులో చేపలు దించి తిరిగొచ్చేసరికి నేను వాకిట్లో ఉన్నాను. అతను బండి దిగి దండెం దగ్గర ఆగిపోయాడు. ఉతికిన బట్టల మధ్య ఎర్రగుడ్డ ఆరుతోంది.

"మామయ్యా, ఇది ఇక్కడుందేంటి?"

"నిన్న సాయంత్రం నేనే ఉతికా," అంది అమ్మాయి గుమ్మంలోంచి. "అమ్మ చీర, బురద కొట్టుకుపోయి చూడబుద్ధి కాలేదు. ఎప్పటిదో విప్పడం మర్చిపోయారనుకున్నా."

"నిన్న మధ్యాహ్నం కట్టానే! నాచు పట్టిందని మైలుతుత్తం సంచిలో కట్టి తూము పక్కనే వేలాడేశా." అతను నా వైపు తిరిగాడు. "పలక ఎత్తలేదు కదా?"

కాఫీ గ్లాసు అక్కడే వదిలేశాను. మైలుతుత్తం అంటే రాగి ఉప్పు, విషమని నేను పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. మడి వైపు పరుగెత్తాను. గట్టు అంచున తెల్లగా పేరుకున్న ఉప్పుకి నీలిరంగు పట్టింది. చూడముచ్చటైన నీలం. ఆ పక్కనే కాడలు కోసిన మోళ్లు, ఇంకా నీరు కారుతున్నాయి.

ఏదీ బయటికి పోదని గొప్పగా చెప్పుకునేవాళ్లం. విషమైనా అంతేనని ఎవరికీ తట్టలేదు.

వెంటనే బండిలో ఆసుపత్రికి బయల్దేరాం. అమ్మాయి రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని, తలుపు తట్టి జవాబు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చుంది. అల్లుడు ప్రతి గతుకు దగ్గరా "అబ్బా" అనుకున్నాడు, దెబ్బ తనకే తగిలినట్టు.

నర్సు జిగురుమందు నేరుగా పొట్ట మీద వేయలేదు. ముందు తన అరచేతుల్లో రుద్ది వెచ్చబరిచింది. ఆ భయంలో కూడా అది నా కంటబడింది. డాక్టరమ్మ బిడ్డ గుండె వినే యంత్రాన్ని ఒకచోట పెట్టింది. గరగర. ఇంకోచోట పెట్టింది. గరగరే. అల్లుడు గోడకి తిరిగాడు.

తర్వాత వినబడింది. టకటకటక, ఎవరో చిన్నవాళ్లు మెట్లు దిగి పరుగెత్తుతున్నట్టు.

"గుండె బాగానే ఉంది," అంది డాక్టరమ్మ. "కానీ నెత్తురు పరీక్ష వచ్చేదాకా నేనేమీ చెప్పలేను. ఎంత తిన్నావమ్మా?"

"రెండు కాడలండీ. అదోలా ఉంటే రెండోది సగంలో ఉమ్మేశా."

"రోజూ బుట్టెడు తింటావుగా!" అన్నాను.

"అత్తగారు తిననిస్తేగా నాన్నా? బుట్టలో మూతి పెట్టి మొత్తం లాగేసింది. వీపు మీద ఒక్కటిచ్చా కూడా." అప్పుడు దాని మొహం మారింది. "నాన్నా... అత్తగారు!"

గొర్రెకు రాగి పడదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ క్షణంలో తెలియకపోతే బాగుండుననిపించింది.

మేం ఇల్లు చేరేసరికి అత్తగారు కొట్టంలో పక్కకి ఒరిగి ఉంది. నీళ్లు పెడితే తాగలేదు. ఊరి నుంచి పశువైద్యుడు వచ్చి సూది వేశాడు, కానీ మా మొహాల్లోకి చూడలేదు. అల్లుడు తూమూ, చివరి మడి గండీ మట్టితో మూసేశాడు. అమ్మాయి మేం వద్దంటున్నా వినకుండా గడ్డి మీద కూర్చుని, పొద్దున కొట్టిన చోటే నిమురుతూ ఉంది.

"లేవే అత్తా. రేపు బుట్టంతా నీదే."

మర్నాడు ఫోన్ మోగినప్పుడు ముగ్గురం కొట్టంలోనే ఉన్నాం. అల్లుడు తీయలేకపోయాడు. నేను తీశాను. నెత్తురులో దోషమేమీ లేదట. రెండు వారాలకోసారి వచ్చి చూపించుకోవాలట. అల్లుడు అక్కడే కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

అత్తగారు అప్పటికే చల్లబడింది.

దాన్ని మా నేలలో పూడ్చడానికి లేదు. మొదటి మడిలోని కాడలన్నీ పీకి, పైమట్టి చెక్కి, గోతాలకెత్తి, వాటి పక్కనే అత్తగారిని దుప్పటి కప్పి అద్దెబండిలో పడుకోబెట్టాం. అమ్మకానికి కాకుండా మా పొలం నుంచి బయటికి పోయిన మొదటి బండి అదే.

బండి కదిలాక అమ్మాయి దండెం దగ్గరికి వెళ్లింది. శుభ్రంగా ఆరిన ఎర్రగుడ్డ తీసి, తూము దగ్గరికి నడిచి, పలకకి గట్టిగా ముడి వేసింది. వేసి, చేతులు తుడుచుకోకుండా నా వైపు చూసింది.

"ముడి పడిందేమో మీరొకసారి లాగి చూడండి నాన్నా."

లాగి చూశాను. తర్వాత అల్లుడూ వచ్చి లాగి చూశాడు.